అచ్చెన్న దొడ్డి

ఈ అభయారణ్యంలో ఏనాడూ మనుషులు లేరని గేటు దగ్గర బోర్డు పెట్టించిన అటవీశాఖ దొరలే, అదే అడవిలో మేస్తున్న ముప్పై ఆవుల్ని లాఠీలతో బాదుకుంటూ తోలుకొచ్చి ఆఫీసు వెనక కంచెలో కుక్కారు. రెండు రోజులైంది. గడ్డి లేదు, నీళ్ళు లేవు. వాటిలో ఊళ్ళోని ముసలి కాంతమ్మ ఎర్రావు నిండు చూలుతో ఉంది.

ఊరంతా ఆఫీసు ముందు చేరింది. ఆవులు తిరిగితే ఏనుగులు బెదురుతాయని రేంజరు పాఠం చెప్పాడు. శనాదివారాల్లో హోసూరు కంపెనీ మేనేజర్లను జీపులెక్కించి ఏనుగుల మీదికి తోలే మహానుభావుడు ఈయనే. జీపు హారనుకు బెదరని ఏనుగు ఆవు మెడలో గంటకు బెదిరిపోతుందట, పాపం.

కాగితం మీద వేలిముద్ర వేస్తే ఎవరి ఆవును వాళ్ళకు వదులుతామన్నాడు. వేసేద్దామన్నాడు ఊరివాళ్ళలో ధనుంజయ్, ఆవులు చచ్చాక పౌరుషం ఎందుకని. కాంతమ్మకూ ఎర్రావు అరుపు తప్ప ఇంకేమీ వినబడడం లేదు. బొటనవేలు సిరాలో ముంచింది.

కృష్ణగిరి కాలేజీలో చదివే మనవరాలు నందిత ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, ఆ అరవ కాగితాన్ని తెలుగులో అందరికీ వినిపించింది. ఈ అడవిలో ఎప్పుడూ మందలు లేవు, నేను దొంగతనంగా అచ్చెన్న దొడ్డిలో ఆవులు మేపాను, ఇకమీదట అడవిలో కాలు పెట్టను, అని ఉంది అందులో.

"ఇంకోసారి చదువమ్మా. యాడ మేపినానంట?"

"అచ్చెన్న దొడ్డిలో, అవ్వా."

కాంతమ్మ రేంజరు వైపు తిరిగింది. "అచ్చెన్న మా తాతప్పా. ఎండాకాలమంతా మందను ఆడనే తోలుకోని ఉండె. మందలే లేకుంటే ఆ రాతిదొడ్డి ఎవురు కట్టినారు? ఏనుగులు కట్టినాయా?"

జనం గొల్లున నవ్వారు. రేంజరు మొహం మాడ్చుకుని, వేరే చోటు పేరు రాయిస్తానన్నాడు.

"ఏం రాస్తావు సారూ, మారియప్ప దొడ్డా?" అన్నాడు ధనుంజయ్. "ఆయప్ప మా జేజినాయన. నువ్వు గుట్ట పేరు చెప్పు, ఎవురి తాతో మేం చెప్తాం."

కాంతమ్మ సిరా వేలిని రేంజరు తెల్లజీపు తలుపుకు తుడిచేసి, నేరుగా పోయి కంచె గడియ లాగింది. గార్డులు ఆమెను వ్యానులోకి తోశారు, వెనకే నందితను కూడా. ఆ ఇద్దరినీ పట్టుకునే సంబరంలో వాళ్ళు ఆవుల సంగతే మరిచారు. ధనుంజయ్ మందను ఇళ్ళకు కాదు, అడవి దారికి మళ్ళించాడు. పట్టపగలు, అందరి కళ్ళ ముందే.

వ్యాను కిటికీలోంచి కాంతమ్మ చూసింది. ఎర్రావు అడుగులో అడుగు వేస్తోంది. దాని వెనక దారి నిండా జనం. వాళ్ళ వెనక రేంజరు జీపు హారను మోగిస్తూనే ఉంది. ఒక్కరూ పక్కకు జరగలేదు. ఊరు ఊరంతా చూలావు నడకే నడిచింది.