ముందు వరసలో స్వరూప

ఏడాదికోసారి వచ్చే పెద్ద రెజ్లింగ్ షో ఈసారి ఆస్పత్రి మూడో అంతస్తులో, స్వరూప తమ్ముడు మొగిలిని పడుకోబెట్టిన గదిలోనే జరుగుతోంది. గది చాలదని ఎవరో అంటారు. ఆ మాట విన్న గది గోడలను రెండు పక్కలకూ జరుపుకుని, వచ్చినవాళ్ళందరికీ చోటిస్తుంది. స్వరూప ముందు వరసలో కూర్చుని, టిఫిన్ డబ్బా ఎవరి కాలికీ తగలకుండా కుర్చీ కిందికి నెడుతుంది.

నల్ల తెల్ల చారల చొక్కా వేసుకున్న రెఫరీ రింగు తాళ్ళు లాగి చూసుకుని, నేరుగా ఆమె దగ్గరికి వస్తాడు. ఎవరు గెలుస్తారో ఆమె ముందుగా చెబితే తప్ప గంట మోగదని వినయంగా చెబుతాడు.

ఆమెకు వింతగా ఏమీ అనిపించదు. కొత్తగూడెం బొగ్గుగని క్వార్టర్లలో, పక్కింటివాళ్ళ టీవీ ముందు చాప మీద కూర్చున్న నాటి నుంచీ ఈ పని ఆమెదే. ఆమె చెప్పింది తప్పగా ఎవరూ చూడలేదు. మొగిలి చెప్పింది నిజమవగా ఎవరూ చూడలేదు. వాడు తనకు నచ్చినవాడే గెలుస్తాడనేవాడు. ఆమె మాత్రం కథ ఎటు నడుస్తోందో చూసేది. జోస్యం తప్పినవాళ్ళు వీధి నల్లా నుంచి నీళ్ళు మోయాలని ఇద్దరికీ పందెం. పెళ్ళయి వెళ్ళేదాకా స్వరూప ఒక్క బిందె ఎత్తలేదు.

మొదటి పోటీ ఇద్దరు ముసుగువాళ్ళది. రింగులోకి వచ్చేటప్పుడు మోగే పాట కొత్తగా కట్టించుకున్నవాడు ఆ రోజే ఓడడని ఆమె అంటుంది. అతనే గెలుస్తాడు. ఓడినవాడు ముసుగు విప్పితే లోపల ఇంకో ముసుగు, దానికింద సన్నగా ఏడుపు. రెండో పోటీలో, ఛాంపియన్ బెల్టును అద్దంలా తుడుచుకొచ్చినవాడు దాన్ని పోగొట్టుకోవడానికే తుడిచాడంటుంది. పోగొట్టుకుంటాడు. ఓడినవాళ్ళను ఒక్కొక్కరినే లిఫ్టులో కిందికి పంపుతున్నారు. లిఫ్టు ప్రతిసారీ ఖాళీగా పైకి వస్తోంది.

చివరి పోటీ మొగిలికీ, అతను ఇన్నాళ్ళూ పడుకున్న ఇనుప మంచానికీ.

మంచం తన పాట మోగుతుండగా నాలుగు చక్రాల మీద, తొందర లేకుండా వస్తుంది. కడ్డీకి బెల్టు చుట్టుకుని ఉంది. వెనక సెలైన్ స్టాండు, మేనేజరులాగా, సీసా ఊపుకుంటూ నడుస్తోంది. జనం లేచి నిలబడి ఈల వేస్తారు. ఈ మంచం ఇంతవరకు ఓడలేదని పక్క కుర్చీలో ఆయన గౌరవంగా చెబుతాడు. మొగిలి లుంగీ ఎగ్గట్టి, చేతికి సూది ప్లాస్టరుతోనే తాళ్ళ మధ్య నుంచి దూరుతాడు. చిన్నప్పటిలాగే చెయ్యి మడిచి కండ చూపిస్తాడు. అక్కడ కండ లేదు.

అప్పుడు పెద్ద తెర మీద స్వరూప ముఖం కనిపిస్తుంది. కింద 'మొగిలి అక్క' అని అక్షరాలు.

ఇన్నేళ్ళలో ఆమె కనిపెట్టిన సూత్రాల్లో అన్నిటికంటే గట్టిది ఇది. ఎవరి ఇంటివాళ్ళను ముందు వరసలో కూర్చోబెట్టి చూపిస్తారో, ఆ మనిషి ఓడిపోతాడు. ఏడవడానికి ఒక ముఖం కావాలి. ఆ ముఖం ఇప్పుడు తనది.

ఆమె లేచి వెనక వరసలోకి వెళ్ళి కూర్చుంటుంది. గది సాగి, ఆ వరసే ముందు వరస అవుతుంది. ఇంకా వెనక్కి వెళుతుంది. కెమెరా ఓపికగా వెంటే వస్తోంది. చివరికి తలుపు దగ్గర నర్సు, బయటికి వెళితే మళ్ళీ లోపలికి రానివ్వరని గుర్తుచేస్తుంది. దూరంగా రింగులో మొగిలి కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకుని జనంలో ఎవరినో వెతుకుతున్నాడు. స్వరూప తిరిగివచ్చి తన కుర్చీలోనే కూర్చుంటుంది.

"చెప్పండమ్మా," అంటాడు రెఫరీ.

కథ మంచం వైపే నడుస్తోంది. పాట దానిది, ఈలలు దానివి, ముందు వరసలో తను.

"మా తమ్ముడు," అంటుంది.

మొగిలి రింగులోంచి నవ్వుతాడు. "మనసుతోని చెప్పినవక్కా. ఇగ నీళ్ళు నువ్వే మొయ్యాలె."

గంట మోగుతుంది. ఎవరూ పట్టుకోకుండానే మంచం తలవైపు లేపి అతని గుండెల మీద కొడుతుంది. రెఫరీ అటు తిరగగానే స్టాండు వెనక నుంచి కాళ్ళకు అడ్డం పడుతుంది. రెఫరీ చూడడు, రెఫరీలు ఎప్పుడూ చూడరు. మొగిలి వెల్లకిలా పడతాడు. మంచం బోర్లా తిరిగి అతన్ని కప్పేస్తుంది. రెండు భుజాలూ నేలకు ఆనాయి. మూడు లెక్కపెట్టేలోగా లేవకపోతే ఓటమే.

రెఫరీ వంగి అరచేత్తో కొడతాడు. ఒకటి. రెండు.

స్వరూప అప్పటికే తాళ్ళ కింద నుంచి దూరింది. నేలకూ తమ్ముడి భుజాలకూ మధ్య చోటు లేదు. అయినా ఆమె ఇముడుతుంది. అమ్మ పాత చీరలతో కుట్టిన బొంతలా పలచబడి బోర్లా పరుచుకుంటుంది. వీపు మీద దారపు కుట్లు వరసగా లేస్తున్నాయి.

రెఫరీ చెయ్యి గాలిలో ఆగుతుంది. "కింద ఎవరున్నారు?"

"ఎవ్వరు లేరు. బొంత," అంటుంది స్వరూప.

అతను ఆలోచిస్తాడు. బొంత మీద ఆనితే నేలకు ఆనినట్టా కాదా అని నియమాల్లో లేదు. దించడానికీ ఎత్తడానికీ వీల్లేక అతని చెయ్యి అలాగే ఉండిపోతుంది. తమ్ముడి గుండె ఆమె వీపు మీద కొట్టుకుంటోంది. ఒకటి, రెండు. ఒకటి, రెండు. దానికి మూడు నేర్పినవాళ్ళు లేరు.

లిఫ్టు పైకి వస్తుంది. ఈసారి ఖాళీగా లేదు. ఓడినవాళ్ళంతా వరసగా దిగుతున్నారు. ముసుగు మనిషి, బెల్టు పోయిన మనిషి, పాత ఏళ్ళలో ఆమె ఓడతారని చెప్పినవాళ్ళందరూ. ఒక్కొక్కరి భుజం మీద నిండు బిందె. చుక్క ఒలకకుండా నడిచి రింగు చుట్టూ నిలబడతారు.

అందరికంటే చివర స్వరూప దిగుతుంది. అదే చీర, అదే టిఫిన్ డబ్బా. చంకన బిందె ఉంది, అది ఖాళీ. రింగు మూల స్తంభానికి నల్లా బిగించి ఉంది. ఆమె దాని కింద బిందె పెట్టి, కొంగు నడుముకు దోపుకుని, అలవాటు లేని పనిలో నిలబడినట్టు నిలబడుతుంది. నల్లాలో నీళ్ళు ఇంకా రాలేదు, వస్తే పందెం ఓడినట్టే.

బొంతలోంచి స్వరూప ఆ స్వరూపను చూస్తోంది. నల్లా మూతి దగ్గర ఒక చుక్క ఊరి, ఉబ్బి, వేలాడుతోంది. అందులో తలకిందులుగా రింగు, ఎత్తిన చెయ్యి, ఈలలు వేసే జనం. వీపు మీద లెక్క నడుస్తోంది. ఒకటి, రెండు. ఒకటి, రెండు. చుక్క బరువెక్కుతోంది.