సముద్రానికి చేసిన మర్యాద

పోటు వేళకి సుమీరా అవ్వ గడప దగ్గర పీట వేసుకుని సముద్రాన్ని తిట్టేది. జావా ఉత్తర తీరంలో ఆ ఊళ్లో ఇంటికొకరు ఆ పని మీద ఉండేవారు. తిట్టు గట్టిదైతే నీళ్లు మెట్ల దగ్గరే తచ్చాడి, తలొంచుకుని వెనక్కి పోయేవి. తిట్టే మనిషి పోయిన ఇంట్లోకి సముద్రం వచ్చి కూర్చునేది. హెడ్మాస్టరు ఇల్లు అలాగే పోయింది. ఇప్పుడందులో మడ చెట్లు కాపురముంటున్నాయి, కిటికీలోంచి చేతులు చాపి, కప్పులోంచి తల పెట్టి.

అవ్వ ఇంటి నేలని మట్టి పోసి ఇప్పటికే మూడుసార్లు లేపారు. ఇంకోసారి లేపితే ఇంట్లో వంగి నడవాలి. నీళ్లు గడప దాటితే సెమరాంగ్ పట్నంలో సర్కారు వాళ్లిచ్చే ఆరో అంతస్తు గదికి పోవడమే. సరిగ్గా అప్పుడే దగ్గు పట్టి అవ్వ గొంతు పోయింది. తిట్టే పని మనవరాలు వార్తిని మీద పడింది. మూటలు సగం కట్టే ఉన్నాయి.

వార్తినికి తిట్టడం రాదు. వాకిట్లోంచి ఎవరు పోతున్నా "రండి, కాస్త కూర్చుని వెళ్లండి" అనడం అక్కడి మర్యాద. "ఇంకోసారి వస్తాంలే" అని సాగిపోవడం అవతలివాళ్ల మర్యాద. సముద్రానికి ఆ రెండోది తెలీదు. "అమ్మా, ఇవాళ్టికి అక్కడే ఆగండి, మీకు పుణ్యముంటుంది" అని వార్తిని బతిమాలితే, పేరంటానికి పిలిచారనుకుని రోజుకో మెట్టెక్కింది.

జకార్తా నుంచి ఫొటోలు తీయడానికి వచ్చిన బస్కొరోకీ ఆ రెండోది తెలీదు. రండి అనగానే వచ్చాడు. టీ తాగాడు, తెంపే అనే సోయా గింజల వేపుడు పళ్లెం నాకినట్టు ఖాళీ చేశాడు, బురద కాళ్ల కెమెరా స్టాండు తీసుకెళ్లి అవ్వ పడుకునే చాప మీద నిలబెట్టాడు.

"నేను తీసేవి ఫొటోలు కావు చెల్లీ. ప్రకృతికీ మనిషి కట్టడానికీ మధ్య జరిగే సంభాషణ."

"అలాగా అన్నగారూ," అంది వార్తిని. అతను చూపించిన ఫొటోల్లో ఊళ్లకి ఊళ్లే ఉన్నాయి గానీ, గుమ్మం ముందు ఒక్క చెప్పుల జత లేదు.

"తీగ మీద ఆ గుడ్డలు తీసెయ్. ఆ కోడిని అవతలకి తోలు. తలుపు తెరిచి, మీరిద్దరూ వంతెన మీదికి వెళ్లండి. నీళ్లు గడప దాటుతుంటే ఒక్కటి తీసుకుంటా. మనుషులుంటే అది పేపర్లో వార్తయిపోతుంది."

కాదనడం వార్తిని నోటికి అలవాటు లేదు. అవ్వని చెక్క వంతెన మీదికి నడిపించుకెళ్లింది. పోతూ పోతూ అవ్వ అతని బూటు మీద తాంబూలం ఉమ్మింది.

పడవలో వస్తున్న పక్కింటి కస్నో అరిచాడు. "ఏమే వార్తినీ, గడప వదిలి అక్కడేం చేస్తున్నావ్? నీ చుట్టం బయల్దేరింది చూడు!"

"ఫొటో అట బాబాయ్."

"హెడ్మాస్టరు ఇంటికీ తీశారు ఫొటో. తగిలించుకోడానికి పాపం ఆయనకి గోడ లేదు!"

నీళ్లు గడపని తాకాయి. బస్కొరో కెమెరాకి కన్ను ఆనించి, చెయ్యి ఊపుతూ ముద్దుగా పిలిచాడు. "రా తల్లీ, ఇంకొంచెం లోపలికి రా. అబ్బ, ఏం అందం!"

చాప అంచు తడిసింది. వార్తిని కడుపులో ఎక్కడో ఏళ్లుగా మడతపెట్టి దాచినది ఒక్కసారిగా విచ్చుకుంది.

"ఎవడ్రా నువ్వు, నా ఇంటికి చుట్టాల్ని పిలవడానికి? తిన్న పళ్లెంలో ఉమ్మే మొహమా! గోడ పగులు కనబడుతుంది గానీ, గోడ కట్టిన మనిషి నీ కంటికి ఆనడా? నా లంగా ఆరితే నీ అందం చెడిందా? సిగ్గులేని జన్మ! లే, బయటికి నడు!"

బస్కొరో నోరు తెరిచేలోపే సముద్రం లేచింది. ఆ మాటలు తనకే అనుకుంది. గడప దిగింది, మెట్లు దిగింది. ఇన్నేళ్లుగా కనబడని వాకిలి గచ్చు బయటపడింది. తనని పిలిచిన మనిషిని వదిలిపోవడం బాగుండదనుకుందేమో, బస్కొరోని స్టాండుతో సహా ఎత్తుకుపోయి హెడ్మాస్టరు ఇంట్లో మడ చెట్ల మధ్య కూర్చోబెట్టింది.

"సంభాషించుకోనీ. టీ తాగాక పోయి తీసుకొస్తాలే," అన్నాడు కస్నో.

అవ్వ ఇంట్లోకి వెళ్లి మూటల ముళ్లు విప్పింది. పీట తెచ్చి వార్తిని కాళ్ల దగ్గర పెట్టింది.

మర్నాడు పోటు వేళకి సముద్రం మెల్లగా మొదటి మెట్టు దాకా వచ్చి, తొంగి చూసింది. పీట మీద వార్తిని బియ్యంలో రాళ్లేరుతోంది. తలెత్తలేదు.

"ఏంటి?" అంది.

అంతే.