రెండో నక్షత్రానికి ఉంచిన చోటు

జెండా అక్క ఇంటి ముందుగది పేరుకు కుట్టుగది గానీ, ఫుట్‌బాల్ రోజులు వచ్చాయంటే సంత దానిముందు దిగదుడుపే. గోడవారగా మిషను, దాని పక్కన దారపు ఉండల డబ్బా, కిటికీ దగ్గర ఇస్త్రీ బల్ల, మిగిలిన చోటంతా మడతలు మడతలుగా జెండా. కూర్చోవాలంటే ఆ మడతల మీదే కూర్చోవాలి.

ఆ జెండా సంగతి ముందు చెప్పుకోవాలి. అది కొట్లో కొన్న గుడ్డ కాదు. నీలం జట్టు అభిమానుల్లో ఎవరు కొత్తగా చేరినా, తాము తొడిగి మాపిన చొక్కా ఒకటి తెచ్చి ఇవ్వాలి. అక్క అందులోంచి అరచేతి వెడల్పు ముక్క కత్తిరించి జెండాకు అతికి కుడుతుంది. అలా ఏళ్ళ తరబడి కుట్టగా కుట్టగా, విప్పి పరిస్తే స్టేడియంలో ఒక గ్యాలరీని కప్పేసేంత అయింది. పోయినవాళ్ళ ముక్కలూ అందులో ఉన్నాయి, అలిగి వెళ్ళిపోయినవాళ్ళవీ ఉన్నాయి. ఇచ్చిన గుడ్డ తిరిగి అడగకూడదు, అతికిన ముక్క విప్పకూడదు. ఎవరు పెట్టారో తెలియదు గానీ ఆ కట్టుబాటు మీదే అది అన్నాళ్ళు నిలిచింది.

నడిమధ్యన ఒక తెల్ల నక్షత్రం. నీలం జట్టు ఛాంపియన్‌షిప్ గెలిచిన ఏడు కుట్టినది. గెలిపించిన కోచ్‌ను అందరూ ఈల మాస్టారు అనేవారు, మెడలో ఈల లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు మరి. కప్పు వచ్చిన మర్నాడు ఆయన తనంతట తానే అక్క ఇంటికి వచ్చి, కోటు విప్పి తిరగేసి, లోపలి అస్తరులోంచి ముక్క కత్తిరించి ఇచ్చాడు. నక్షత్రం పక్కన ఇంకో నక్షత్రానికి చోటు ఉంచమన్నాడు. అక్క ఉంచింది. ఆయన ముక్కను నక్షత్రం కిందనే కుట్టింది. ఏళ్ళు గడిచాయి, ఆ చోటు మాత్రం పళ్ళ వరసలో ఊడిన పన్ను సందులా ఖాళీగానే ఉండిపోయింది.

ఈల మాస్టారు మళ్ళీ కప్పు కొడతాడా, కొట్టడా? ఆ గదిలో నిత్యం అదే తగువు. గడియారాలు బాగుచేసే బాబాయి, కొట్టడు అనేవాళ్ళకు పెద్ద. కంటికి పెట్టుకునే భూతద్దాన్ని నుదుటి మీదకు తోసుకుని వచ్చి కూర్చునేవాడు. ఒకసారి పన్నెండు కొట్టిందని గడియారం గంటగంటకూ పన్నెండే కొడుతుందా అనేవాడు. మనవాళ్ళు బంతి దొరికితే చాలు వెనక్కే తన్నుతున్నారని, ఈ ఆట చూడటం కంటే తన కొట్లో ఆగిపోయిన గడియారాలను చూస్తూ కూర్చోవడం నయమని గొణిగేవాడు. బేకరీ వదినకు ఏ పక్షమూ లేదు, ఎదుటివాళ్ళు ఏ పక్షమైతే తనది రెండోది. గోలు కొట్టే కాలు ఒక్కటి లేదు గానీ రెండో నక్షత్రానికి చోటట, మింగ మెతుకు లేదు మీసాలకు సంపెంగ నూనె అని ఆవిడ అంటే, గెలుస్తాడనేవాళ్ళు ఆవిడ రొట్టెలు బంతులకంటే గట్టిగా ఉంటున్నాయని అనేవారు. అక్కడితో ఆ పూటకు ఫుట్‌బాల్ అయిపోయి రొట్టెల మీద యుద్ధం మొదలయ్యేది.

గెలుస్తాడనేవాళ్ళలో పెద్ద గొంతు అక్క తమ్ముడిది. జట్టు బస్సు నడిపేది అతనే. బస్సులో ఎవరు అలిగారు, మాస్టారు ఎవరిని పక్కన కూర్చోబెట్టుకుని ఏం చెప్పాడు, అన్నీ అతనికి తెలుసు. అందుకని అతను నోరు తెరిస్తే మిగతావాళ్ళు చెవులు దగ్గరికి తెచ్చేవారు.

ఆ తమ్ముడంటే అక్కకు ప్రాణం. తల్లి పోయాక చంకన వేసుకుని పెంచింది. చిన్నప్పుడు ఆట చూడాలని స్టేడియం గోడ దూకి పడితే అతని ఎడమ కాలు విరిగింది. కట్టు కట్టారు, ఎముక అతికింది గానీ కాలు ఒక వేలు మందం పొట్టిదైపోయింది. ఆ సంగతి అక్క ఒక్కతే కనిపెట్టింది. పసివాడు కుంటివాణ్ణి అనుకుని కుంగిపోతాడేమోనని, ఆనాటినుంచీ అతని ప్రతి ప్యాంటుకూ ఎడమ కాలు ఒక వేలు పైకి మడిచి కుట్టేది. చూసేవాళ్ళకు రెండు అంచులూ సమంగా బూటును తాకి ఆగేవి. పెళ్ళై, పిల్లల తండ్రై, రెండు వీధుల అవతల కాపురం పెట్టినా అతని ప్యాంట్లు అక్క చేతి కిందకు రావలసిందే. కాలి సంగతి ఎవరికీ తెలియదు. ఆ మాటకొస్తే అతనికే తెలియదు.

ఆ ఏడు నీలం జట్టు వరసగా ఓడిపోతూ వచ్చింది. సీజన్ సగంలోనే మాస్టారును సాగనంపాలని క్లబ్బు పెద్దలు చూస్తున్నారని కబురు పొక్కింది. ఆ పెద్దలు లెక్కచేసేది ఒక్కటే, జెండా. ఆట మొదలయ్యేముందు గ్యాలరీ మీద జెండా పరుచుకుంటే జనం కోచ్ వెంట ఉన్నట్టు. పరచలేదంటే వదిలేసినట్టు. అందరూ ఒప్పుకుంటేనే పరవడం ఆనవాయితీ. ఈసారి గది రెండుగా చీలిపోయింది. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడం మానేశారు. బేకరీ వదిన కూడా జోకులు మానేసిందంటే ఇక చూసుకోండి.

అక్క ఏనాడూ ఏ పక్షమూ మాట్లాడలేదు. సూది పట్టినదానికి పక్షం ఉండకూడదని ఆమె నమ్మకం. అందుకే ఆమె నోట ఒక మాట వస్తే అందరూ వింటారని అందరికీ తెలుసు. మాస్టారుకూ తెలుసు.

ఒకనాటి మధ్యాహ్నం తమ్ముడు ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన ఇస్త్రీ బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని, అక్క ఇచ్చిన టీ తాగి, జెండాలో తన ముక్కను వేలితో తడిమి చూసుకున్నాడు.

“నన్నిప్పుడు పంపేస్తే ఆ చోటు ఖాళీగానే ఉండిపోతుందమ్మా,” అన్నాడు. “ఇంకొక్క ఏడాది ఓపిక పట్టమని మీవాళ్ళకు చెప్పండి. నేనెక్కడికీ పోను. ఆ నక్షత్రం మీ చేత్తోనే కుట్టిస్తాను.”

అక్క తమ్ముడి వైపు చూసింది. అతను గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

“మాట తప్పే మనిషి కాదక్కా,” అన్నాడు. “నాదీ పూచీ.”

ఆమెకు అది చాలు. ఆట ముందురోజు సాయంత్రం అందరూ చేరాక మిషను ఆపి లేచి నిలబడింది. ఇన్నేళ్ళలో మొదటిసారి తన మాట చెప్పింది. జెండా పరవండి, నా మాట మీద పరవండి అంది. గడియారాల బాబాయి భూతద్దం నుదుటి మీంచి తీసి జేబులో వేసుకున్నాడు.

“సరే అమ్మాయ్,” అన్నాడు. “ఆయన కోసం కాదు, నీ కోసం.”

మర్నాడు ముందుగా జెండా కొస పట్టుకున్నది ఆయనే. గ్యాలరీ ఈ చివర నుంచి ఆ చివరకు నీలం నీలంగా పరుచుకుంది. ఆ ఆటా ఓడిపోయారు గానీ, జెండా చూసి పెద్దలు వెనక్కి తగ్గారు. మాస్టారు మిగిలాడు. సీజన్ ఈడ్చుకుంటూ అయిపోయింది. కప్పు లేదు, కనీసం దాని నీడ లేదు. వచ్చే ఏడు చూడండి అని తమ్ముడు అందరికీ ధైర్యం చెప్పాడు. అక్క సంతకు వెళ్ళి తెల్ల గుడ్డ కూడా తెచ్చి పెట్టుకుంది.

ఆ గుడ్డ మడత విప్పకముందే ఒక ఉదయం బాబాయి పేపరు పట్టుకుని వచ్చాడు. నేను చెప్పానా అనే మొహం కాదు, చావు కబురు మోసుకొచ్చిన మొహం. పేపరు ఇస్త్రీ బల్ల మీద పరిచి, ఏమీ అనకుండా పక్కకు జరిగాడు.

ఫోటోలో ఈల మాస్టారు పూలగుత్తి పట్టుకుని కారు దిగుతున్నాడు. వెనక ఇటుకరంగు జట్టు గేటు. నీలం జట్టుకు, దానికి ఉప్పూ నిప్పూ. వచ్చే ఏటినుంచి ఆయన అక్కడి కోచ్. ఒప్పందం చలికాలంలోనే కుదిరిందని, సీజన్ అయ్యేదాకా గుట్టుగా ఉంచారని కింద రాశారు. చలికాలం అంటే జెండా పరచక ముందు. మధ్యలో గెంటించుకున్న కోచ్‌ను ఇటుకరంగువాళ్ళు గుమ్మం తొక్కనిచ్చేవాళ్ళు కాదు. అందుకని సీజన్ చివరిదాకా పరువు నిలుపుకోవడానికి ఆయనకు ఒక జెండా కావలసి వచ్చింది. ఏరు దాటాక తెప్ప తగలేశాడు.

అక్క మాస్టారు మొహం చూసి వదిలేసింది. ఆమె కళ్ళు ఫోటో అంచుకు పోయి అక్కడే ఆగిపోయాయి. కారు తలుపు పట్టుకుని ఒక డ్రైవరు నిలబడ్డాడు. నడుము పైభాగం ఫోటోలో పడలేదు, చెయ్యీ కాళ్ళే కనిపిస్తున్నాయి. కొత్త యూనిఫాం ప్యాంటు, ఇటుకరంగు. కుడి కాలు అంచు బూటును తాకి బుద్ధిగా ఆగింది. ఎడమ కాలు అంచు మాత్రం బూటు మీద కుప్పపడి, మడమ దగ్గర నేలను ఈడుస్తోంది.

కుట్టినవాడు రెండు కాళ్ళూ సమంగా కొలిచి కుట్టాడు. వాడి తప్పేం లేదు, కొలత ప్రకారం పనిచేశాడు.

పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి అక్క చేయి పడని గుడ్డ కాలికి ఎక్కించనివాడు ఇంకో దర్జీ దగ్గరకు ఎందుకు వెళతాడు? ఆ రంగు అక్కకు చూపించలేక. ఆమె పేపరు మడిచి బాబాయికి ఇచ్చేసింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది.

సాయంత్రం గది కిక్కిరిసిపోయింది. ఆశ్చర్యం ఏమిటంటే తమ్ముడూ వచ్చాడు. వచ్చి అందరికంటే ఎక్కువ తిట్టాడు. నమ్మించి గొంతు కోశాడన్నాడు, బస్సులో అన్నాళ్ళు పక్కన కూర్చుని తనకు కూడా ఉప్పందించలేదన్నాడు. జనం అయ్యో పాపం అంటుంటే ఇంకాస్త ఊపు వచ్చి, మిషను మీది కత్తెర అందుకుని, ముందు ఆ ద్రోహి ముక్క జెండాలోంచి కోసేద్దాం అన్నాడు. నలుగురు అవునన్నారు.

“కత్తెర కింద పెట్టు,” అంది అక్క.

అతను ఆగాడు.

“అతికిన ముక్క విప్పం. ఒకళ్ళది విప్పడం మొదలుపెడితే, ఇంకా ఎవరెవరివి విప్పాల్సి వస్తుందో.”

ఆ మాట అంటున్నప్పుడు ఆమె తమ్ముడి వైపు చూడలేదు, దారం ఉండ వైపు చూసింది. అతను కత్తెర కింద పెట్టాడు. తరవాత ఆమె అందరికీ చెప్పింది, నా మాట మీద పరిచారు, ఇకమీదట మీ మాటల్లో నా మాట కలపకండి అని. బేకరీ వదిన ముక్కు చీదింది. దారం తెగితే సూది తప్పా అని బాబాయి నచ్చజెప్పబోయాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, పట్టినా ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు.

ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. తమ్ముడు ఎప్పటిలాగే టీ కోసం ఆగాడు.

“ఆ ఇటుకరంగు ప్యాంటు తీసుకురా,” అంది అక్క.

“ఏ ప్యాంటక్కా?”

“ఎడమ కాలు నేల ఈడుస్తోంది. నలుగురిలో నిలబడే ఉద్యోగం. బాగుండదు.”

బుకాయించడానికి నోరు తెరిచి, అక్క మొహం చూసి మూసుకున్నాడు. వెళ్ళి సంచిలో పెట్టుకుని తెచ్చాడు. ఆమె మిషను ముందు కూర్చుని కుట్లు విప్పుతుంటే అతను చెప్పుకుంటూ పోయాడు. మాస్టారే అక్కడ ఉద్యోగం ఇప్పించాడని, పిల్లలు ఎదుగుతున్నారని, ఈ జట్టు బస్సు ఇవాళో రేపో మూలపడేదేనని, నెమ్మదిగా చెబుదామనే అనుకున్నానని.

“ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడక్కా.”

“ఎవరికీ అంటే, అందులో నేనూ ఉన్నానట్రా?”

పాత దారం పోగులు ఒక్కొక్కటే తీసి ఆమె పక్కన పెట్టుకుంది.

“ఉద్యోగం గురించి నేనేమీ అనను. పిల్లలు గలవాడివి, బండి మారావు, మారు. ఒక్కటే అడుగుతాను. ఆరోజు ఆయన్ని ఇక్కడికి తీసుకొచ్చి, నాదీ పూచీ అన్నావు. అప్పటికే నీకు తెలుసా?”

తమ్ముడు దారపు ఉండల డబ్బాలోకి వంగాడు. ఒక ఉండకు కొస ఊడి వేలాడుతోంది. దాన్ని తీసి చుట్టి, బిగించి, మళ్ళీ దాని చోట్లో పెట్టాడు. తల ఎత్తలేదు.

అక్క ఇంకోసారి అడగలేదు. టేపు తీయలేదు, కొలవలేదు. ఎడమ కాలు ఒక వేలు పైకి మడిచి మిషను మీద వేసింది. ఇస్త్రీ చేసింది. మడత పెట్టింది. చేతికి ఇస్తూ చెప్పింది.

“అక్కడ కుట్టేవాడితో ఎప్పుడూ ఒక మాట చెప్పు. ఎడమ కాలు ఒక వేలు పైకి మడవమను.”

“ఎందుకు?”

“గోడ దూకి పడ్డావు చూడు. అప్పటినుంచీ ఆ కాలు పొట్టి.”

అతనికి మొదట అర్థం కాలేదు. తన కాళ్ళ వైపు చూసుకున్నాడు, అప్పుడు వేసుకున్న పాత ప్యాంటు వైపు చూసుకున్నాడు. వంగి రెండు అంచులూ వేళ్ళతో పట్టి చూశాడు. లేచేసరికి మొహం పాలిపోయి ఉంది.

“ఇన్నాళ్ళూ చెప్పలేదేంటక్కా?”

“నేనున్నాను కదా, వాడికెందుకులే ఆ బెంగ అనుకున్నాను.”

అతను ఇంకేదో అనబోయాడు. ఆమె అప్పటికే వెనక్కి తిరిగి, తెల్ల గుడ్డను బీరువా అడుగున పెడుతోంది. అతను సంచి పట్టుకుని గుమ్మం దాటాడు. మెట్టు దిగేముందు ఆగి ఎడమ కాలు చూసుకున్నాడు. జాగ్రత్తగా కింద పెట్టాడు. మళ్ళీ చూసుకున్నాడు.

అక్క కిటికీలోంచి చూస్తూనే ఉంది. పెద్దయ్యాక తమ్ముడు కుంటుతూ నడవడం ఆమె చూడటం అదే మొదటిసారి.