మోచేతి ఎత్తు

పద్నాలుగేళ్ళుగా నేను కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి కూరగాయలు తరుగుతున్నాను. మా వంటింటి గట్టు ముప్ఫై అంగుళాలు. అత్తయ్య కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడ ఎత్తుకి కట్టించారు. నేను ఆవిడకన్నా జానెడు పైనే పొడుగు. వంగి తరిగితే నడుం పట్టేస్తుంది, నిటారుగా నిలబడితే చేతికి పట్టు దొరకదు. అందుకని కాళ్ళు చెరో పక్కకీ జరిపి, ఆ మేరకి నన్ను నేను తగ్గించుకోవడం అలవాటు చేసుకున్నాను. పెళ్ళైన కొత్తలో ఈ సంగతి ఆయనతో చెప్తే, "మా అమ్మ ఇన్నేళ్ళు అక్కడే వండింది. ఆవిడకి లేని నడుంనొప్పి నీకేంటి?" అన్నారు. ఆవిడ ఎత్తుకి కట్టారు కాబట్టి ఆవిడకి లేదు అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. కొత్త కోడల్ని కదా, మింగేశాను. మా అమ్మాయి నాలుగేళ్ళప్పుడు ఒకసారి వంటింటి గుమ్మంలో నిలబడి చూసి చూసి, "అమ్మా, వంటింట్లోకి రాగానే నువ్వు పొట్టిగా ఎందుకైపోతావు?" అని అడిగింది. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను.

తమాషా ఏమిటంటే, గట్ల ఎత్తులు కొలవడమే నా ఉద్యోగం. వంటిళ్ళకి అలమరలూ గట్లూ చేసి అమర్చే కంపెనీ మాది. నేను ఇల్లిల్లూ తిరిగి, ఆ ఇంటావిడని గోడకి ఆనించి నిలబెట్టి, మోచెయ్యి నేలకి ఎంత ఎత్తున ఉందో టేపు పెట్టి చూస్తాను. మోచేతికి నాలుగైదు అంగుళాల కింద గట్టు రావాలి, అంతే సూత్రం. "ఎవరి ఎత్తుకి?" అన్నది నేను అడిగే మొదటి ప్రశ్న. చాలా ఇళ్ళల్లో దానికి మగవాళ్ళే జవాబు చెప్తారు. "మామూలు ఎత్తు పెట్టెయ్యండి" అంటారు. ఆ మామూలు మనిషి ఎవరో నాకు ఇంతవరకూ ఏ వంటింట్లోనూ కనపడలేదు. నేను గీసిన బొమ్మల మీద మా మేనేజరు సంతకం పెడతాడు. కస్టమర్ల ముందు నన్ను "మా కొలతలమ్మాయి" అంటాడు. నాకు నలభై ఒక్కేళ్ళు. ఊరి బయట సైట్లన్నీ నీకే అప్పజెప్తాను, వాటి బొమ్మల మీద నీ సంతకమే ఉంటుంది, కాకపోతే పొద్దున ఆరింటికల్లా బండెక్కాలి అని ఏడాదిగా అడుగుతున్నాడు. ఆరింటికి నేను గట్టు ముందు ఉండాలి. కుదరదని చెప్తూ వచ్చాను.

అలాంటిది, రెండేళ్ళ కింద ఆయన ఒక సాయంత్రం టీ తాగుతూ, "మన స్థలంలో ఇల్లు మొదలుపెడదాం. ప్లాను నువ్వే గియ్యి. ఇంత చేతనైన మనిషిని ఇంట్లో పెట్టుకుని బయటివాళ్ళకి ఎందుకివ్వడం?" అన్నారు. కాపురమంతటిలో ఆయన నన్ను చేతనైన మనిషి అనడం అదే మొదటిసారి. ఉబ్బితబ్బిబ్బయ్యాను. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మూడు నోటు పుస్తకాలు నింపాను. ఆఫీసు బస్సులో గీశాను, ఆదివారం మధ్యాహ్నాలు గీశాను, పాలు కాగేలోపు గీశాను. ఇంట్లో అందరినీ వాళ్ళకి తెలియకుండా కొలిచాను. అత్తయ్య నడుస్తూ గోడకి ఏ ఎత్తున చెయ్యి వేస్తారో ఆవిడ అరచేతి మరకలు చూసి రాసుకుని, స్నానాలగదిలో సరిగ్గా అక్కడ పట్టుకోవడానికి కడ్డీ పెట్టించాను. లోపల ఆవిడ పడిపోతే అడ్డం రాకుండా ఆ తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించాను. ఆయన ఇంట్లోకి రాగానే తాళాలు ఎక్కడో పడేసి మర్నాడు ఇల్లు పీకి పందిరేస్తారు కాబట్టి, గుమ్మం పక్కనే బూట్లు విప్పుకునే బల్ల, దానిపైన తాళాలకి చిన్న గూడు. మా అమ్మాయికి కిటికీలో కాళ్ళు చాపుకుని చదువుకునే వెడల్పాటి అరుగు. తడిబట్టలు మోసుకుంటూ హాలంతా దాటక్కర్లేకుండా వంటింటి వెనకే ఎండ పడే చోటు. ముందు గదిలో ఒక గోడని వంపుగా తిప్పాను, పొద్దుటెండ దాని మీద పాకుతూ లోపలిదాకా వచ్చేలా. గాజు షోకేసులు మాత్రం ఒక్కటి కూడా వద్దన్నాను. అందం గురించి మాట్లాడే హక్కు దుమ్ము తుడిచేవాళ్ళకే ఉందని నా నమ్మకం. ఆయన స్నేహితులు పునాది దగ్గర నుంచీ వచ్చి చూసి, ప్లాను ఎవరిదని అడిగితే, "మనదే, ఇంట్లోనే వేసుకున్నాం" అనేవారు. ఆ 'మన'లో నేనున్నాననుకుని మురిసిపోయేదాన్ని.

వంటిల్లు మొదలుపెట్టిన రోజు మేస్త్రి నా పుస్తకం అటూ ఇటూ తిరగేసి, "అందరి కొలతలూ రాశారు, మీదేదమ్మా?" అన్నాడు. నిజమే, నాది లేదు. మర్చిపోయాను. మేస్త్రి నవ్వి, "రండి, ఇలా నిలబడండి" అని నన్ను గోడకి ఆనించి, మోచెయ్యి మడవమని, పెన్సిల్‌తో గీత గీశాడు. ఎన్నో వందలమందిని కొలిచినదాన్ని. నన్ను ఒకరు కొలవడం అదే మొదలు. "ముప్ఫై ఎనిమిదికి గట్టు. బావుంటుందమ్మా, హాయిగా నిలబడొచ్చు" అన్నాడు. హాయిగా నిలబడటం అనే మాటకి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిమెంటు దుమ్మని చెప్పి తుడుచుకున్నాను.

చివరి నెలలో ఆయన నన్ను అక్కడికి రానివ్వలేదు. "రాళ్ళకి పాలిష్ పడుతున్నారు, దుమ్ము. నీకసలే దగ్గు. పూర్తయ్యాక ఒకేసారి చూద్దువుగానీ" అన్నారు. నా దగ్గు ఆయనకి గుర్తుందని పొంగిపోయాను. ఆఖరికి ఒక మధ్యాహ్నం ఎవరింటికో కొలతలకని వెళ్తే, మా కొత్త ఇల్లు అదే దారిలో ఉంది. ఆశ ఆపుకోలేక దిగాను.

వంటింట్లో నల్లరాయి అద్దంలా మెరుస్తోంది. సింకు ఎదురుగా నేను అడిగిన కిటికీ, కిటికీ నిండా వెలుతురు. సంచి కింద పెట్టి వెళ్ళి గట్టు ముందు నిలబడ్డాను. నిలబడగానే నా కాళ్ళు వాటంతట అవే చెరో పక్కకీ జరిగాయి.

టేపు తీశాను. ముప్ఫై నాలుగు. గట్టుకి పైన, ఇంకా టైల్స్ వెయ్యని గోడ మీద నా పెన్సిల్ గీత అలాగే ఉంది. కొంచెం పక్కగా, దాని కింద ఇంకో గీత ఉంది. మేస్త్రి పొరపాటు చేశాడనుకుని కేకేశాను.

మేస్త్రి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "సారు మార్పించారు కదమ్మా! పోయిన నెల చిన్నమ్మగారిని తీసుకొచ్చి ఇక్కడే నిలబెట్టారు. కొలత మళ్ళీ నేనే తీశాను" అన్నాడు. నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "మీకు తెలుసనుకున్నానమ్మా."

చిన్నమ్మగారంటే మా తోడికోడలు, మా మరిది భార్య. వాళ్ళుండేది వేరే ఊళ్ళో. మా అమ్మాయి అరుగు కోసం చూశాను. అరుగు తీసేశారు. కిటికీ సగందాకా మూసి గాజు షోకేసు కట్టారు. సిమెంటు బస్తా మీద కూర్చుని తోడికోడలికి ఫోన్ చేశాను.

"అక్కా!" అంది సంబరంగా. "నేనే చేద్దామనుకుంటున్నా. ఎంత బాగా గీశావక్కా! ఈయనకి ట్రాన్స్‌ఫర్ రాగానే ఇల్లెలా అని బెంగపడ్డాం. నువ్వే అన్నావటగా, కొత్తిల్లు వాళ్ళని ఉండమనండి, నేను అత్తయ్యతో పాతింట్లోనే ఉంటానని? బావగారు చెప్తే నాకు ఏడుపొచ్చిందక్కా, నిజంగా. అంత మంచితనం నాకైతే లేదు."

ఆ పిల్లని తిట్టడానికి ఏమీ దొరకలేదు. నా పేరు మీద నేను అనని మాట ఒకటి, నేను లేనిచోట, నా గొంతుతో అనేశారు. వాళ్ళంతా నన్ను మెచ్చుకున్నారు కూడా. "అవును, జాగ్రత్తగా రండి" అని పెట్టేశాను. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మంట పుట్టింది. పెద్దరికం చూపించుకోవాలంటే ఆయన తన చొక్కాలు ఇవ్వొచ్చు, తన వాచీ ఇవ్వొచ్చు. నా రెండేళ్ళు తీసి ఇచ్చారు.

ఇంటికి వచ్చి, ఆయన బూట్లు విప్పుకునేదాకా ఆగి అడిగాను. బూట్లు అటూ ఇటూ సర్దారు. తర్వాత ఎప్పటిలా తేరుకున్నారు.

"ఇల్లేమన్నా పరాయివాళ్ళకి పోయిందా? తమ్ముడేగా. వాళ్ళు ఇరుకింట్లో ఉండలేరు. నీకు ఇక్కడ అలవాటేగా."

"నేనన్నానని ఎందుకు చెప్పారు?"

"నీకే కదా మంచిపేరు వచ్చింది! అదీ తప్పేనా?"

అత్తయ్య మంచం మీద నుంచి, "నువ్వైతే సర్దుకుంటావమ్మాయ్. దానికంత ఓపిక లేదు" అన్నారు. అంటే ఆవిడకీ తెలుసు. ఆవిడ అరచేతి ఎత్తున నేను పెట్టించిన కడ్డీకి ఇక ఎవరి తువ్వాళ్ళో వేలాడతాయి. ఆయనవైపు తిరిగాను.

"ఎప్పట్నుంచి అనుకున్నారిది?" అని అడిగాను.

"ఏడాదవుతుందిలే."

ఏడాది. పై కప్పు కూడా వెయ్యలేదు అప్పటికి. ఆ అరుగు, ఆ తాళాల గూడు, బట్టలారేసే చోటు అన్నీ ఆ తర్వాతే గీశాను. గీసిన ప్రతి కాగితం ఆయనకి చూపించాను. "భేష్" అన్నారు ప్రతిసారీ.

"మరి నాకు చెప్పలేదేం?"

ఆయన నావైపు ప్రేమగానే చూశారు. నన్ను మెచ్చుకుంటున్నాననే అనుకున్నారు పాపం. "ముందే చెప్పేస్తే నువ్వింత మనసుపెట్టి గీసేదానివా?" అన్నారు.

ఆ తర్వాత నాలుగు రోజులు వంట చేశాను, డబ్బాలు కట్టాను, ఆఫీసుకి వెళ్ళాను. కాళ్ళు ఎడంగా పెట్టిన ప్రతిసారీ ఆ మాట వినపడేది. ఆయన మోసం చేశారని కాదు నాకు అంత బాధ, ఆ మోసం నా మనసు మంచిదన్న లెక్క మీద నడిచింది. నా మనసు ఎంత పనికొస్తుందో నాకన్నా ఆయనకే బాగా తెలుసు. అయిదో రోజు మేనేజరు గదిలోకి వెళ్ళి ఊరి బయట సైట్లకి సరే అన్నాను. బయటికొచ్చి మేస్త్రికి ఫోన్ చేశాను.

ఆదివారం పొద్దున్నే మేస్త్రి మా పాత ఇంటికి వచ్చాడు. ఈ గట్టు కొట్టేసి కొత్తది కట్టాలని చెప్పాను. హాల్లోంచి ఆయన, "కట్టించుకో, కట్టించుకో! ఆ ముచ్చటేదో ఇక్కడే తీర్చుకో" అన్నారు ఉదారంగా. గొడవ ఇంత తేలిగ్గా తెమిలిపోయిందన్న నిశ్చింత ఆ గొంతులో తెలుస్తోంది.

"మీ ఎత్తుకేగా అమ్మా? ముప్ఫై ఎనిమిది, నాకు గుర్తుంది" అన్నాడు మేస్త్రి.

నేను తల అడ్డంగా ఊపి, "ఏవండీ, ఒకసారి ఇలా వస్తారా? కొలత కావాలి" అని పిలిచాను.

ఆయన హుషారుగానే వచ్చారు. "ఏంటి, నాక్కూడా ఏమన్నా కట్టిస్తున్నావా?"

"వీపు గోడకి ఆనించండి. చెయ్యి మడవండి. అలా కదలకండి." కస్టమర్లతో మాట్లాడే గొంతు అది. ఆ గొంతుకి ఎంతటివాళ్ళైనా బుద్ధిగా నిలబడతారు. ఆయనా నిలబడ్డారు, మడమలు కలిపి, గెడ్డం ఎత్తి, ఫొటో తీయించుకుంటున్నట్టు. మేస్త్రి నా మొహంలోకి ఒకసారి చూసి, మోచేతి దగ్గర గీత గీసి, నా టేపు పట్టాడు.

"గట్టు నలభైకి వస్తుందమ్మా."

"అంతకే కట్టండి."

"గట్టా?" అన్నారాయన. "నా ఎత్తుకెందుకు?"

"వచ్చే వారం నుంచి పొద్దున ఆరింటికి నేను సైట్లకి వెళ్తున్నాను. ఒప్పుకున్నాను. ఇక్కడ నిలబడేది మీరు. మీ నడుం పట్టెయ్యకూడదు."

అత్తయ్య గుమ్మం పట్టుకుని, "అంత ఎత్తైతే నాకందదుగా!" అన్నారు.

"మీకు అందక్కర్లేదు అత్తయ్యా. మీరు నిలబడింది చాలు. కూర్చోండి."

మా అమ్మాయి పుస్తకం పట్టుకుని వచ్చి అత్తయ్య పక్కన నిలబడింది. ఎవరూ నవ్వలేదు. ఆయన గోడ మీది గీతని, నన్ను, మళ్ళీ గీతని చూశారు. మొహం ఎర్రబడింది.

"ఇంత పని చేసేముందు నాకొక మాట ముందే చెప్పొద్దా?"

నేను టేపు చుట్టి సంచిలో వేసుకున్నాను.

"ముందే చెప్పేస్తే మీరింత నిటారుగా నిలబడేవారా?" అన్నాను.