నా చెట్టు బొండాం

తారకేశ్వరరావుకి కూడా కిడ్నీలు పోయాయని విన్న రోజు నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. అబద్ధమెందుకు? మూడేళ్లుగా పలాసలో డయాలసిస్ చేయించుకుంటున్నవాడిని, అన్నం సహించి చాలా కాలమైంది. ఆ రోజు మాత్రం సహించింది.

వరసకు వాడు నాకు బావ. ఏడేళ్ల కిందట తిత్లీ తుపాను మా ఊరి మీద పడ్డప్పుడు నా తోటలో డెబ్బై కొబ్బరి చెట్లకి పదకొండే నిలబడ్డాయి. అవి మా ఇద్దరికీ మధ్యనున్న గట్టు వారన ఉన్నవి. కంచె కొట్టుకుపోయింది, హద్దురాళ్లు కూలిన చెట్ల కింద పూడిపోయాయి. నేను ఇంటి కప్పు వేసుకునే తిప్పల్లో ఉండగా ఈ పెద్దమనిషి కొత్త కంచె వేసుకున్నాడు, నా పదకొండు చెట్లూ తన లోపలికి వచ్చేలా. అడిగితే "ఏటి రుజువు?" అన్నాడు. ఊళ్లోవాళ్లు వాడి మాటకే తలలూపారు. మా నాన్నా నేనూ బిందెలతో నీళ్లు మోసి పెంచిన చెట్లవి! ఆ కంచె పక్కనుంచి నడిచినప్పుడల్లా గెలలు చూసి పళ్లు కొరుక్కున్నాను. వాడు నా కళ్ల ముందే నాశనమైపోవాలని మొక్కని దేవుడు లేడు.

మొక్కు ఫలించింది. సోమ, బుధ, శుక్రవారాలు, నా షిఫ్టులోనే వాడికీ మంచం ఇచ్చారు. మొదటి రోజు సూది చూసి వాడి మొహం పాలిపోతుంటే కళ్లారా చూశాను.

కొత్తగా వచ్చినవాళ్లకి పాతవాళ్లం అన్నీ చెప్పడం మాలో అలవాటు. రోజుకి సరిపడా నీళ్లు పొద్దున్నే ఒక సీసాలో పోసుకుని అవే సర్దుకోవాలనీ, దాహమేస్తే ఐసుముక్క చప్పరించాలనీ, ఇలాంటివి. నాకూ ఎవరో చెప్పినవే. వాడికి నేను ఒక్క ముక్క చెప్పలేదు.

రెండో వారం బుధవారం, వరండా బల్ల మీద మా వంతు కోసం కూర్చున్నాం. వాడి పెళ్లాం పైడితల్లి సంచిలోంచి బొండాం తీసి కత్తితో మూతి కొట్టింది. "నీలు తాగొద్దన్నారు గాని, బొండాం సలవే కదా. గట్టు మీద సెట్టుదే" అంది, పక్కావిడతో.

మా ఉద్దానంలో పుట్టినవాడెవడైనా ఈ తప్పే చేస్తాడు. జ్వరమొస్తే బొండాం, నీరసమొస్తే బొండాం. కానీ కిడ్నీ పోయినవాడికి అది విషం. అందులోని పొటాషియం బయటికి పోయే దారి లేక గుండెని ఆపేస్తుంది. నిరుడు మా షిఫ్టులోనే డయాలసిస్ చేయించుకునే కామేశ్ అలాగే పోయాడు. తినకూడనివాటి కాగితం తారకేశ్వరరావుకీ ఇచ్చారు. మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు, చదివితేగా!

నేను నోరు తెరవలేదు. నా చెట్టు నీళ్లు వాడు గుటకలేస్తూ తాగుతుంటే రోడ్డు మీద ఆటోల్ని చూస్తూ కూర్చున్నాను. నేనేమైనా పోసి తాగించానా? అడిగాడా నన్ను? నా చెట్లే వాడి సంగతి చూసుకుంటాయి అనుకున్నాను. ఎంత హాయిగా ఉందో!

శుక్రవారం వాడు బతికే వచ్చాడు. ఒళ్లు మండిపోయింది. "బుదారం గుండి దడదడలాడిపోనాదిరా దర్మా" అన్నాడు నాతో, ఏడేళ్ల తర్వాత మొదటిసారి మాట కలుపుతూ. నేను మొహం తిప్పుకున్నాను. ఇక శని, ఆదివారాలు రెండు రోజులు డయాలసిస్ ఉండదు, ఒంట్లో చెడంతా పేరుకుని ఉంటుంది. సోమవారం పొద్దున్న ఇంకొకటి తాగాడంటే ఇక లేవడు. ఆ రెండు రోజులూ సోమవారం కోసమే ఎదురు చూశాను.

సోమవారం పైడితల్లి రెండు బొండాలు తెచ్చింది. రెండూ కొట్టి, ఒకటి మొగుడి చేతికిచ్చి, రెండోది పట్టుకుని నా దగ్గరకొచ్చింది.

"తమ్ముడూ, తాగు. మీ బావే తెమ్మన్నాడు."

"ఆడు పెంచిన సెట్టే. ఆడు తాగకుండా నాను తాగితే ఎలగ దిగుతాదే?" అన్నాడు వాడు, నా వైపు చూడకుండా. అని, బొండాం ఎత్తి నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"తాగకు బావా!"

ఎలా లేచానో నాకే తెలీదు. చెయ్యి విసిరి కొట్టాను. బొండాం గోడకి తగిలి వరండా అంతా నీళ్లు.

"సచ్చిపోతావురా! మనలాటోలికది విషం. కామేశ్ దాంతోనే పోనాడు!"

పైడితల్లి చేతిలోది కింద పడేసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వాడు తడిసిన చొక్కాతో నన్నే చూస్తున్నాడు. అంతటితో ఊరుకోవచ్చు. మంచివాణ్ణనిపించుకోవచ్చు. కానీ కడుపులో కుళ్లు ఆగలేదు.

"బుదారం నువ్వు తాగినప్పుడు కూడా సూసినాను. తెలిసే సెప్పనేదు. నువ్వు సావాలనే సెప్పనేదు" అన్నాను.

తిడతాడనుకున్నాను. కొడతాడనుకున్నాను. కొట్టాలనే కోరుకున్నాను, దేవుడి తోడు.

వాడు తడిసిన చొక్కా అంచు పిండుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నీ సెట్లు లాగీసుకున్నోన్ని. నీ జాగాలో నానుంటే ఇయ్యేల కూడా సెప్పకపోదును. నువ్వు సెప్పినావు."

"తిట్టవేటి? మనిసివి కావా నువ్వు?" అని అరిచాను.

"తిట్టడానికేటుందిరా?" అని బల్ల మీద పక్కకి జరిగి చోటిచ్చాడు. "కూకో. మన వంతింకా రానేదు."

కూర్చున్నాను. ఇంకేం చెయ్యను? ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. చెట్లు పట్టుకుపోయాడు, సరే. క్షమించడమనేది ఒకటుంటే అది నా వంతు కదా! అదీ నాకు మిగల్చలేదు, వెధవ.