నీరుకట్టెకై అడ్డునిలిచిన పేరంటాలు

గ్రీష్మతాపమునకు కృశించిన కొల్లేటిసరస్సు కాలువలుగ చీలి కిక్కిసపొదల నడుమ కరగిన సీసమువలె మెఱయుచుండ నత్తగుల్లకొంగలు ఒంటికాలిపై నిలిచి తూగుచుండిన యొక యపరాహ్ణమున రెల్లులంకయందలి జాలరులెల్లరు పురుగుమందు డబ్బాలతో కాలువగట్టునకు వచ్చిరి. వారికి ముందు నడచినవాఁడు కులపెద్దయగు ఏడుకొండలు. నెలక్రిందట అతని మనుమరాలు వాకిట ఆడుకొనుచు త్రాచుకాటునకు కన్నుమూసెను. నాఁటినుండి అతని శోకమునకు పాములన్నియు నొక్కటే యయ్యెను.

ఆ కాలువలో నుండునది త్రాచు కాదు, నీరుకట్టె. పసుపువన్నె మేన చదరంగపు గళ్ళవంటి నల్లమచ్చలు దాల్చి చేపలను కప్పలను వేఁటాడి బ్రతుకుచు గట్టుబొరియలలో గ్రుడ్లిడి వానిని చుట్టుకొని కాచుకొను నా ప్రాణి విషహీనమయ్యు నదలించినవారి యెదుట మెడను పడగవలె వెడల్పుచేసి నిలిచి కఱచుటకు వెనుదీయదు.

ఏడుకొండలు తమ్ముని భార్యయైన పేరంటాలు వితంతువై వలయే యాధారముగ నా కాలువను నమ్ముకొని బ్రతుకుచుండెను. మందు కలిసినచో చేపలును నశించునని మొఱపెట్టినను వినువారు లేమి నామె తన దోనెను కాలువమొగ కడ్డముగ నిలిపెను.

“తప్పుకో పేరంటాలూ! నా బంగారుతల్లిని పొట్టన పెట్టుకున్న జాతిది. ఒక్కదాన్నీ మిగల్చను,” అని ఏడుకొండలు గద్దించెను.

“ఆ పిల్లని నేనూ ఎత్తుకు పెంచాను బావగారూ. కరిచింది తాచు, ఇది కాదు. మందు పోస్తే రేపు మనం తినేదేంటి?”

“పామంటే పామే. తప్పుకుంటావా లేదా?”

“తప్పుకోను.”

అని యామె చేపలబుట్టలో చిక్కిన నీరుకట్టె నొకదానిని వట్టిచేత పైకెత్తెను. అది బుసకొట్టి ముంజేతిని కఱవ నెత్తురు ధారగట్టెను. గట్టుపై స్త్రీలు హాహాకారము చేసిరి. ఆమె కోడలు సుందరమ్మ “అత్తా, ఆస్పత్రికి పోదాం రా!” అని విలపించెను.

పేరంటాలు పామును నీట విడిచి చేయి కడుగుకొని కూర్చుండెను. “ఏడుపాపి అన్నం పట్రావే, పొద్దుటినించీ తినలా. చస్తానేమో అందరూ కూచుని చూడండి!”

ఎల్లరును చూచుచుండిరి. ఎండ వాలెను. ఆమె మాట తడబడలేదు, కన్నులు మూతవడలేదు. అన్నము తిని తెగినవల నల్లుకొనుచుండెను. సూర్యుఁడు క్రుంకుచుండ డబ్బాలు తెచ్చినవారు ఒక్కరొక్కరుగ నిండ్లకు మరలిరి. ఏడుకొండలు మాత్రము మోకాలిలోతు నీటికి దిగివచ్చి దోనె యంచు పట్టుకొని వెక్కివెక్కి యేడ్చెను.

“మరి నేనెవర్ని చంపను అమ్మాయ్?”

కోడలు తెచ్చిన గిన్నెలో మిగిలిన యన్నమును పేరంటాలు అతని ముందునకు జరిపి తినుమని సైగచేసెను గాని దోనెను మాత్రము అంగుళమైనను కదల్పదయ్యెను.