మొహమాటపు నీడ

పొద్దున్నే చిటపట మెట్రో మెట్లెక్కి, గేటుకు కార్డు ఆనించి, ప్లాట్‌ఫారం మీద పసుపు గీత వెనకాల నిలబడేది. చిటపట అన్న పేరు చిన్నప్పుడు వాళ్ళక్క పెట్టింది. ముక్కు మీద కోపం కాబట్టి అలాగే అతుక్కుపోయింది. ఊరొదిలి ఈ మహానగరానికొచ్చి, అక్కాబావల ఒంటిగది ఇంట్లో వంటగట్టు పక్కన చాప వేసుకుంటోంది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే చోట కొత్తగా పని దొరికింది.

రైలెక్కడం ఆమెకు రెండో రోజుకే పట్టుబడింది. మోచేతులున్నది ఎందుకు మరి? పట్టుబడనిది ఆమె నీడకి. మనిషికి కోపం ఎంతో, నీడకి మొహమాటం అంత. తలుపులు తెరుచుకోగానే పక్కకి ఒదిగి ముసలివాళ్ళకి, చంటిపిల్లల తల్లులకి, ఆఖరికి ఫోన్లో అరుచుకుంటూ వచ్చే మొనగాళ్ళకి కూడా దారిచ్చేది. అందరూ ఎక్కేసరికి తలుపులు మూసుకునేవి. నీడ అక్కడే మిగిలిపోయి, ఏ తర్వాత రైల్లోనో పడి వచ్చేది.

ఇందులో ఎవరికీ వింతేమీ లేదు. "కొత్తవాళ్ళకి అంతేలే," అన్నాడు బావ టీ ఊదుకుంటూ. "నాదైతే ఓసారి వేరే లైను ఎక్కేసి సాయంత్రానికి కొంపకి చేరింది."

"దానికి కాస్త సిగ్గు తగ్గాలే," అంది అక్క.

"అది తగ్గేలోపు నా ఉద్యోగం ఊడుతుంది," అంది చిటపట.

ఊరికే అన్నమాట కాదు. పనిచోట పెద్దమేడం రోజూ వరండాలో నిలబడి, వచ్చినవాళ్ళ మొహాలు కాదు, కాళ్ళ కింద చూసేది. "మనిషొస్తే సరా? నీడేదీ?" అనేది. నీడ వచ్చేదాకా గేటు బయటే నిలబడాలి, ఆ పూట హాజరు ఉండదు. చిటపటతో పాటు కొత్తగా చేరిన ఆడవాళ్ళంతా అలా ఎండలో మాడేవాళ్ళు. లోపలేమో తడిదుప్పట్లు గుట్టలు పడేవి. దుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరు చెరో కొస పట్టుకుని దులిపి మూలలు కలపాలి. జంట లేనివాళ్ళు ఒక కొసని గడ్డం కింద నొక్కిపెట్టి తంటాలు పడుతుంటే, బయట ఇన్ని చేతులు ఖాళీగా ఉండేవి. అది చూసి చిటపట పళ్ళు నూరుకునేది.

పెద్దమేడం మాత్రం వరండా దాటి ఎండలోకి వచ్చేది కాదు. తెల్లారకముందే వచ్చి, పొద్దుపోయాక వెళ్ళేది. తన గదిలో నాలుగు గోడలకీ ట్యూబులైట్లు పెట్టించుకుంది, పని బాగా కనబడాలని.

"రేపు కూడా ఇలాగే వస్తే, ఎల్లుండి నుంచి రానక్కర్లేదు," అందావిడ ఒకనాడు. రాకపోతే ఎక్కడికి పోవాలి? ఊళ్ళో అన్న ఇంటికి, తినే ముద్దలు లెక్కపెట్టే వదిన దగ్గరికి. చిటపట ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు.

మర్నాడు ప్లాట్‌ఫారం మీద నీడకి గట్టిగా చెప్పింది. "ఇవాళ తోసుకుని ఎక్కకపోయావో, నీ సంగతి చెబుతా." నీడ బుద్ధిగా తలూపింది. రైలొచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, అట్టపెట్టె మోసుకొస్తున్న ఒకాయనకి అది దారిచ్చింది. ఆయన దాన్ని తొక్కుకుంటూ ఎక్కాడు. వెనక పదిమందీ తొక్కుకుంటూ ఎక్కారు. ఒక్కరూ కిందికి చూడలేదు.

చిటపటకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఈసారి నీడ మీద కాదు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా? మూసుకోబోతున్న తలుపుకి వీపు ఆనించి, ఎదుటి తలుపుకి కాలు తన్నిపెట్టి నిలబడింది.

"ఏమ్మా, మాకు ఆఫీసుల్లేవా?" అని అరిచారు లోపలినుంచి.

"ఉన్నాయి! రోజూ మీ ఆఫీసులకి దారిచ్చింది ఇదే. ఇవాళ మీరు ఆగండి."

తలుపులకి అడ్డుగా నిలబడరాదని మైకు చెప్పింది. "అడ్డంగానే నిలబడతా!" అంది చిటపట. "రావే!" అని నీడని పిలిచింది.

నీడ రెండడుగులు వేసి ఆగి, వెనక్కి చూసింది. స్తంభం చాటున ఇంకా నీడలున్నాయి, చాలావరకు పనిచోట కొత్తవాళ్ళవే, రోజూ మిగిలిపోయేవే. అది పక్కకి ఒదిగి వాటికి దారిచ్చింది.

"నీ మొహమాటం తగలెయ్య!" అంది చిటపట. కాలు మాత్రం తియ్యలేదు. నీడలన్నీ ఒక్కొక్కటే ఎక్కాయి. ఆఖర్న రెండు జడల నీడ ఒకటి మిగిలింది. చేతిలో టిఫిన్ డబ్బా ఉంది, అంచులు చీకిపోయాయి. ఎన్నేళ్ళుగా అక్కడుందో ఏమో, కదలడం మర్చిపోయింది. చిటపట నీడ దాన్ని చెయ్యి పట్టుకుని ఎక్కించింది.

ఆ పూట గేటు దగ్గర అందరి కాళ్ళ కిందా నీడలున్నాయి. పెద్దమేడం వరండాలోంచే వరసగా చూసుకుంటూ వచ్చి, చివర్న ఆగిపోయింది. రెండు జడల నీడ వరండా మెట్ల దగ్గర అందరికీ దారిచ్చి, ఆఖర్న మెల్లిగా పైకెక్కి ఆవిడ పాదాల దగ్గర పడుకుంది.

చిటపటకి జాలేసింది. కానీ కోపం చల్లారేంత జాలి కాదు.

"మీదీ మొహమాటమేనన్నమాట. దాన్నక్కడ వదిలేసొచ్చి, మమ్మల్ని ఎండలో నిలబెట్టారా? ఇంతాలస్యంగా వచ్చినదానికి రూలేంటి మేడం?"

పెద్దమేడం మెట్లు దిగి, గేటు దాటి, ఎండలో నిలబడింది. రెండు జడల నీడ వెంట వెళ్ళింది.

లోపల అందరికీ జంటలు కుదిరాయి, చిటపటకి తప్ప. కాసేపు దుప్పటి కొసని గడ్డం కింద నొక్కిపెట్టి అవస్థపడింది. తర్వాత విసురుగా గేటు దగ్గరికి నడిచింది.

"నిలబడింది చాల్లెండి," అంది, కోపం తగ్గకుండానే. "వచ్చి ఈ కొస పట్టండి."

పెద్దమేడం వచ్చి పట్టుకుంది. ఇద్దరూ దులిపారు, మూలలు కలిపారు. ఆవిడ చేతులు ఆ పని మర్చిపోలేదు. మర్నాటి నుంచి గేటు దగ్గర ఎవరూ కాళ్ళ కింద చూడలేదు.